రేవుకి చేరడం నేర్చుకో

విశాఖపట్నం,
ఆదివారం సాయంత్రం.

చిరంజీవి చిట్టికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం బుధవారం అందింది. నాలుగుసార్లు చదివాను. ఆటలో ఉన్న డబ్బంతా పెట్టి వైపర్ అనే అంతరిక్ష ఓడ కొన్నావని, తుపాకులు బిగించావని, మూడు రోజుల్లో మూడుసార్లు పేలిపోయావని రాశావు. అదేం పెద్ద విషయం కాదు, అందరం పేలిపోయినవాళ్లమే. కానీ చివర్లో, "స్టేషన్‌లోకి దింపడం నాకు రాదు మామయ్యా, డాకింగ్ కంప్యూటరే దింపేస్తోంది, హాయిగా ఉంది" అని ఒక ముక్క రాశావు. ఆ ముక్క దగ్గరే ఆగిపోయాను. రెండు రాత్రులు సరిగా నిద్ర పట్టలేదు. మీ అమ్మ ఫోన్లో "ఆటే కదా అన్నయ్యా" అంది. ఆటే, కాదనను. ఆటలోనైనా చేతులు నీవే కదా తల్లీ.

హాస్టల్లో చారు నీళ్లలా ఉంటోందన్నావు. అత్తయ్య ఆవకాయ, కందిపొడి కట్టి ఉంచింది. శుక్రవారం బస్సుకి వేస్తాను, స్టాండుకి వెళ్లి తెచ్చుకో.

అసలు సంగతికొస్తాను. ఎలైట్ డేంజరస్‌లో శిక్షణ మిషన్లని ఊరికే పెట్టలేదు. నువ్వు వాటిని దాటేసి నేరుగా యుద్ధానికి పోయావు. మొదట ఇచ్చే సైడ్‌వైండర్ చిన్న ఓడే, కానీ ఎన్నిసార్లు పగలగొట్టుకున్నా మళ్లీ ఉచితంగా ఇస్తారు. నేర్చుకునేవాళ్లకి అంతకన్నా ఏం కావాలి? కొత్తవాళ్ల కోసం కొన్ని నక్షత్ర మండలాలు కేటాయించారు, అక్కడికి పాతకాపులు రాలేరు. నువ్వు అక్కడుండాల్సిన రోజుల్లోనే బయటికొచ్చేశావు. వైపర్ పోతే ఓడ, దాని సామాను ఖరీదులో 5 శాతం కట్టాలి. ఆ డబ్బు విడిగా పెట్టుకోకుండా ఎప్పుడూ రేవు దాటకు. ఈ మాట ఒక్కసారే చెప్తున్నాను.

ఇక చేత్తో దింపడం. 7.5 కిలోమీటర్ల లోపలికి రాగానే అనుమతి అడుగు. ప్యాడ్ నంబరు చెప్పి 10 నిమిషాలు గడువిస్తారు. 10 నిమిషాలంటే చాలా ఎక్కువ, చిట్టీ. కంగారు పడకు. స్టేషను నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది, దాని ముఖాన పోస్టు డబ్బా నోరులా సన్నగా, పొడుగ్గా ఒక సందు ఉంటుంది. దానికి ఎదురుగా వచ్చి పూర్తిగా ఆగిపో. ఆగి చూడు. కుడివైపు పచ్చ దీపాలు, ఎడమవైపు ఎర్ర దీపాలు కనిపిస్తాయి. పచ్చవైపు పట్టుకుని లోపలికి రా. మన రేవులోకొచ్చే ఓడకీ ఇదే లెక్క, కుడిచేతివైపు పచ్చ బోయాలు, ఎడమవైపు ఎర్రవి. అమెరికా రేవుల్లో ఇది తిరగబడుతుంది. నేను మొదటిసారి ఆ దీపాలు చూసినప్పుడు డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి లోపలికొస్తున్నట్టే అనిపించి, రిటైరైన మనిషిని, కళ్లు తుడుచుకున్నాను. ఈ ఆట నాకు పెట్టిచ్చిన మీ అన్నయ్యకి ఆ సంగతి తెలుసు.

వేగం సెకనుకి 100 మీటర్లు దాటనివ్వకు. దాటి ఎవరినైనా గుద్దితే జరిమానా పడుతుంది. లోపలికొచ్చాక ల్యాండింగ్ గేర్ దించు. అది దించకుండా ప్యాడ్ మీద ఎంతసేపు తచ్చాడినా ఓడ కుదురుకోదు. అక్కడినుంచి ముందు ఇంజను మాట మర్చిపో. పక్కలకీ పైకీ కిందికీ నెట్టే థ్రస్టర్లతోనే, పసిపిల్లని ఉయ్యాల్లో దించినట్టు దించు.

నేను టగ్గులో చేరిన కొత్తలో, 1978లో, ఒక సాయంత్రం సరంగు నా చేతికి చక్రం ఇచ్చాడు. జెట్టీ ఇంకా దూరంగానే ఉంది కదా అని నేను ఇంజను తగ్గించలేదు. నీళ్లలో బ్రేకులుండవు. టగ్గు పక్కన కట్టిన పాత టైర్లు జెట్టీకి నొక్కుకుపోయి, ఒకటి తెగి నీళ్లలో పడింది. తాడందుకోవడానికి నిలబడ్డ మనిషి వెనక్కి గెంతి కూలబడిపోయాడు. తప్పు పూర్తిగా నాది. సరంగు ఒక్క మాట అనలేదు. ముందు ఆ మనిషి దగ్గరికెళ్లి కాళ్లూ చేతులూ తడిమి చూశాడు. మర్నాటి నుంచి నెల్లాళ్లు నన్ను చక్రం ముట్టుకోనివ్వలేదు. ఆ మనిషి నిలబడ్డ చోటే నన్ను నిలబెట్టి తాడు పట్టించాడు. వచ్చే ప్రతి టగ్గూ నా మీదికే వస్తున్నట్టుండేది. ఎవరు ఎంత దూరంలో ఇంజను తగ్గిస్తారో, ఎవరు ఎటునుంచి వాలుగా తెస్తారో ఆ నెల్లాళ్లలో నాకు కంఠస్థం అయింది. మళ్లీ చక్రం పట్టాక ఇంకో టైరు తెగలేదు.

అందుకే చెప్తున్నాను, ఈ వారం స్టేషన్ ఎదురుగా ఓ పక్కకి ఆగి, గంటసేపు వచ్చేపోయే ఓడల్ని చూడు. దారికి మాత్రం అడ్డం ఉండకు.

కంప్యూటర్ ఉండగా ఇదంతా ఎందుకంటావు. కేంబ్రిడ్జిలో చదువుకునే డేవిడ్ బ్రాబెన్, ఇయాన్ బెల్ 1984లో ఈ ఆటకి తల్లి లాంటి ఎలైట్ తయారు చేసినప్పుడు అందులోనూ డాకింగ్ కంప్యూటర్ ఉండేది. కానీ డబ్బు పోగేసుకున్నాకే అది కొనుక్కోగలిగేవాళ్లు. అంటే అప్పటికే ఎన్నోసార్లు చేత్తో దింపి ఉండాలి. మన శ్రీహరికోట సంగతి చూడు. 2024 డిసెంబరు 30న స్పేడెక్స్ ఉపగ్రహాలు రెండు పైకెళ్లాయి. కలిపే రోజు రెండుసార్లు వాయిదా పడింది. జనవరి 12న 15 మీటర్లకి, అక్కణ్నుంచి 3 మీటర్లకి తెచ్చి, మళ్లీ వెనక్కి జరిపారు. 16న కలిపారు. 3 మీటర్లంటే మన వీధరుగు పొడవు! అంత దగ్గరికొచ్చి వెనక్కి జరగడానికి ఎంత నిగ్రహం ఉండాలో ఆలోచించు. అక్కడా కంప్యూటరే కలిపిందంటావేమో. ఎక్కడ ఆగాలో దానికి నేర్పినవాళ్లు మనుషులే.

అన్నట్టు, కాలేజీ గేటు దగ్గర స్కూటీ ఎలా ఆపుతున్నావు? పోయినసారి మా వాకిట్లో బ్రేకు కొట్టిన తీరు నేను చూశాను. తులసికోటకి జానెడు దూరంలో ఆగావు. ఇరవై గజాల ముందే యాక్సిలరేటరు వదులు తల్లీ. ఇది మాత్రం ఆట కాదు.

యుద్ధం సంగతి కూడా చెప్తాను, లేకపోతే మామయ్య అడిగింది చెప్పలేదంటావు. థ్రాటిల్లో నీలంగా కనిపించే భాగంలో ఉంటేనే ఓడ చురుగ్గా మలుపు తిరుగుతుంది. నువ్వు పూర్తి వేగంతో దూసుకెళ్లి శత్రువుని దాటిపోతున్నావు, అందుకే వాడు నీ వెనక్కి చేరుతున్నాడు. సిస్టమ్స్, ఇంజన్లు, ఆయుధాలు మూడింటికీ కలిపి 6 గళ్ల కరెంటు ఉంది, ఒక్కోదానికి 4కి మించి ఇవ్వలేవు. మీ అమ్మ ఒకటో తారీఖున జీతం సర్దినట్టు సర్దుకోవాలి. కాల్చేటప్పుడు ఆయుధాలకి, దెబ్బలు తగులుతుంటే సిస్టమ్స్‌కి, పారిపోయేటప్పుడు ఇంజన్లకి. స్కాన్ పూర్తయి వాంటెడ్ అని తేలేదాకా తుపాకీ పేల్చకు. షీల్డు పోయిందంటే పరువు గురించి ఆలోచించకుండా వచ్చెయ్. శత్రువు వెనకాలే అంటుకుని ఉండడానికి కావాల్సింది కూడా ఆ పక్క థ్రస్టర్లే. ప్యాడ్ మీద మెల్లిగా జరగడం నేర్చిన చేతికే అవి అక్కడ మాట వింటాయి. ఎటుచూసినా మళ్లీ రేవు దగ్గరికే వచ్చాను, చూశావా?

మూడోసారి పేలిపోయాక ఏడ్చావని అన్నయ్య చెప్పాడు. నాకు రాయలేదేం? మానేస్తానని కూడా అన్నావట. మానెయ్యాలనిపిస్తే మానెయ్, నేనేమీ అనుకోను. చేతకాదని మాత్రం మానకు. రాత్రి పదకొండు దాటాక ఆడకు, కళ్లు మండితే లేచి మంచినీళ్లు తాగు. సెమిస్టరు పరీక్షలప్పుడు ఆ జాయ్‌స్టిక్ బీరువాలో పెట్టి తాళం వెయ్యి.

వైపర్ని అలాగే ఉంచు. వచ్చే ఆదివారం ఉదయం తొమ్మిదింటికి సైడ్‌వైండర్లో రా, డాకింగ్ కంప్యూటర్ తీసేసి రా. ఏ స్టేషనో ఫోన్లో చెప్పు. నేను ముందే వచ్చి లోపల ప్యాడ్ మీద ఉంటాను. గుద్దుకున్నా ఫరవాలేదు, 10 నిమిషాలు దాటిపోతే మళ్లీ అనుమతి అడుగుదువుగాని. జెట్టీ మీద తాడు పట్టుకుని నిలబడ్డట్టే నీకోసం చూస్తూ ఉంటాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య