తీసివేసిన భాగము ఎవరిది?

ఏలూరు నుండి కైకలూరు దారిని, కొల్లేటి గట్ల వెంబడి నిత్యము తిరుగు డీజిలు కారు ఒకనాడు పికప్ కోల్పోయి, ఎంత తొక్కినను వేగమందుకొనక, ఇంజను లైటు వెలిగించుకొని షెడ్డు చేరినప్పుడు, యజమాని చెవినిబడు మొదటి మాట తరచుగా “టర్బో పోయిందండీ” అనునదియే. అది నిజము కావచ్చును. కాని టర్బో ఇచ్చు గాలి ఒత్తిడిని అదుపుచేయు వాక్యూమ్ గొట్టము చిట్లినను, సోలినాయిడ్ వాల్వు మసితోగాని నూనెజిడ్డుతోగాని పూడుకొన్నను, యాక్చుయేటరు కడ్డీ తేమకు తుప్పుపట్టి బిగిసినను లక్షణములు ఇవియే. గొట్టము మార్చుటకును వాల్వు శుభ్రపరచుటకును అగు వ్యయమునకు, టర్బోనే మార్చుటకగు వ్యయమునకు హస్తిమశకాంతరము కలదు.

2020 జూలై 20 నుండి అమలులోనున్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము, సొమ్ము పుచ్చుకొని చేయు మరమ్మతును సేవగా గణించి, తగిన పరీక్ష లేకయే భాగము మార్చుటను, చేయని శుభ్రతకు డబ్బు కట్టించుకొనుటను సేవాలోపముగా ప్రశ్నించు హక్కు మనకొసగినది. బిల్లు నిరాకరించుట ఆ చట్టము దృష్టిలో అనుచిత వ్యాపార పద్ధతి. తాడేపల్లిగూడెములో ఒక్క టాక్సీని స్వయముగా నడుపుకొని జీవించువానికిని ఈ రక్షణ కలదు.

అయితే సేవాలోపమును నిరూపించు భారము ఫిర్యాదుదారునిదేయని సుప్రీంకోర్టు 2021లో స్పష్టపరచినది. కావున బండి అప్పగించునాడే లక్షణములను జాబ్ కార్డులో వ్రాయించి, స్కానరు చూపిన కోడును ఫోటో తీసికొని, ఎస్టిమేటు మించు పనికి ముందుగా తన సమ్మతి వలయునని అందే చేర్పించి, తీసివేసిన భాగమును తిరిగి పుచ్చుకొనవలయును. మార్పిడి బేరములో ఇచ్చివేసిననే తప్ప ఆ భాగము యజమాని సొత్తే; అంతటి సాక్ష్యమును పాత ఇనుము కొట్టునకు పోనిచ్చుట నాకర్థముకాని ఔదార్యము.

బండి షెడ్డులోనున్నంతకాలము, వివేకవంతుడు తన సొత్తును కాపాడుకొనునట్లు దానిని కాపాడుమని 1872 నాటి కాంట్రాక్టు చట్టములోని 151వ సెక్షను మెకానికును శాసించుచున్నది. 170వ సెక్షను అతనికిని ఒక హక్కునిచ్చినది: ఒప్పుకొన్న పని చేసిన పిమ్మట కూలి ముట్టువరకు బండిని నిలిపియుంచవచ్చును. అందుచే వివాదమున్నచో షెడ్డులో గొడవపడక, “అభ్యంతరముతో చెల్లించితిని” అని బిల్లుపై వ్రాసి, సొమ్ము కట్టి, బండిని విడిపించుకొనుట మేలు. వేరొక బండి తాలూకు పాత బాకీకై దీనిని పట్టియుంచుటకు మాత్రము, అట్టి ఒప్పందము లేనిచో, అతనికి అధికారము లేదు.

బయట శుభ్రపరపించినంతమాత్రమున వారంటీ సమస్తము రద్దగునని భయపెట్టువారు గలరు. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించుచు, అట్టి గంపగుత్త నిబంధన కూడదని ఆదేశించినది. ఆ తీర్పు పిదప అప్పీళ్లకెక్కినది. బయటివాని చేతిలో విరిగిన భాగమునకు కంపెనీ బాధ్యత వహింపదనుట వేరు విషయము. వేళకు ఆయిలును, ఎయిర్ ఫిల్టరును మార్పించిన బిల్లులు లేనిచో, నిర్లక్ష్యము నీదేయను వాదమునకు మనమే తావిచ్చినవారమగుదుము.

మొదట వినియోగదారుల సహాయవాణి 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చును. అప్పటికిని తేలనిచో, వివాదకారణము ఏర్పడిన నాటినుండి రెండేండ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషనును ఆశ్రయింపవలయును. చెల్లించిన మొత్తము 5 లక్షలు దాటనిచో రుసుము లేదు, వకీలు లేకయే వాదించుకొనవచ్చును. షెడ్డు విజయవాడలోనున్నను, తాను నివసించుచోటనే దావా వేయు వెసులుబాటు చట్టమిచ్చినది గనుక, కొల్లేటి వాడు ఏలూరు కమిషనులోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చును.