చిన్నోడు పక్క తడిపాడు

తెల్లవారింది. బస్తీలో నల్లా వచ్చింది. ఆడవాళ్లు బిందెలు పట్టుకొని వరుసలో నిలబడ్డారు. ఒక రేకుల ఇంటి ముందు తడి బొంత ఆరవేసి ఉంది. దాని పక్కనే ఒక పిల్లవాడు నిలబడ్డాడు. ఆరేళ్లు ఉంటాయి. వాడు తల ఎత్తడం లేదు.

"మళ్ల పోసిండా?" అని వరుసలో ఒకామె అడిగింది. నలుగురూ నవ్వారు.

ఇది కొండాపూర్‌లో జరిగిన మాట. కొండాపూర్ ఒకప్పుడు చిన్న ఊరు. 1998లో పక్కనే మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. అప్పటి నుంచి ఈ చుట్టుపక్కల మేడలు లేస్తూనే ఉన్నాయి. వాటిని కట్టే కూలీలు చాలామంది పాలమూరు వైపు నుంచి వచ్చినవాళ్లే. ఆ పిల్లవాని అమ్మానాన్నలు కూడా అట్లా వచ్చినవాళ్లే. ఒక్క గదిలో రెండు కుటుంబాలు ఉంటాయి. పక్క తడిస్తే వాసన అందరికీ వస్తుంది. తగవు కూడా వస్తుంది.

ఆ తల్లి మా రాత్రి బడికి వస్తుంది. నేను ఆమెను అక్కా అని పిలుస్తాను. ఆ రాత్రి ఆమె పలక తీయలేదు.

"ఏమైంది అక్కా?" అని అడిగాను.

"పొద్దున చిన్నోణ్ణి కొట్టిన టీచరమ్మా. నా చెయ్యి ఇంకా నొస్తుంది. మా ఆయన గూడ కొట్టిండు. నాలుగు గంటల సంది నీళ్లు ఇస్తలేను. అయినా పోస్తుండు. మా అత్తమ్మ ఊరి నుంచి వస్తుంది. వాత పెడితే తగ్గుతదని అంటుంది. పెట్టాల్నా?"

బడిలో అందరూ ఆగిపోయారు. ఒక అవ్వ, "మా కాలంల పెట్టేటోళ్లు" అన్నది.

"పెట్టొద్దు అక్కా" అన్నాను. "వాత పెడితే ఒళ్లు కాలుతుంది, పుండు అవుతుంది. పక్క తడపడం ఆగదు." తరువాత నా సంగతి చెప్పాను. నేను ఎనిమిదేళ్ల దాకా పక్క తడిపాను. చుట్టాల ఇంటికి పోవాలంటే భయపడేదాన్ని. అందరూ నవ్వారు. నవ్వు ఆగినాక ఇంకో ఇద్దరు, "మేమూ అంతే" అన్నారు. ఆ రోజు అనుకున్న పాఠం పక్కన పెట్టి దీని గురించే మాట్లాడుకున్నాం.

మనం తాగిన నీళ్లు రక్తంలో కలుస్తాయి. మూత్రపిండాలు రక్తాన్ని వడపోస్తాయి. అక్కడ తయారైన మూత్రం ఒక సంచిలోకి చేరుతుంది. ఆ సంచి పేరు మూత్రాశయం. సంచి నిండగానే మెదడుకు కబురు పోతుంది. మెలకువగా ఉంటే లేచి పోతాం. రాత్రిపూట ఇంకో ఏర్పాటు ఉంది. నిద్రలో మూత్రం తక్కువగా తయారు కావడానికి మెదడు నుంచి ఒక రసం రక్తంలోకి వస్తుంది. అయినా సంచి నిండితే మనకు మెలకువ రావాలి.

కొందరు పిల్లల్లో ఈ ఏర్పాటు ఆలస్యంగా కుదురుతుంది. ఒక బిడ్డకు ఆరో నెలలో పళ్లు వస్తాయి. ఇంకో బిడ్డకు పదో నెలలో వస్తాయి. పళ్లు రాలేదని మనం బిడ్డను కొడతామా? ఇదీ అంతే. వాడు కావాలని పోయడు. పోసినట్టు వానికి తెలియనే తెలియదు. గాఢనిద్రలో ఉంటాడు.

అయిదేళ్ల లోపు పిల్లలు పక్క తడిపితే దానిని రోగం అనుకోవద్దు. అయిదేళ్లు నిండిన పిల్లల్లో కూడా 100 మందిలో సుమారు 15 మంది తడుపుతారు. ఏటేటా కొందరికి దానంతట అదే ఆగిపోతుంది. 15 ఏళ్ల వయసుకు 100 మందిలో ఒకరిద్దరు మిగులుతారు. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో ఎక్కువ. ఇది వంశంలో కూడా వస్తుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి చిన్నప్పుడు ఉంటే, వాళ్ల పిల్లల్లో దాదాపు సగం మందికి రావచ్చు.

ఈ మాట అక్క ఇంట్లో చెప్పింది. భర్త ఏమీ మాట్లాడలేదు. నాలుగు రోజులకు అత్తమ్మ వచ్చింది. అక్క ఆమెను సూటిగా అడిగింది. అత్తమ్మ నవ్వి, "నీ మొగుడా? తొమ్మిదేండ్ల దాకా పోసిండు. వానికి వాత పెట్టినా తగ్గలే" అన్నది. అప్పుడు ఆయన తన పిక్క మీద మచ్చ చూసుకున్నాడట. ఆ తరువాత కొడుకు మీద చెయ్యి ఎత్తలేదు. వాత మాట అత్తమ్మ కూడా మళ్లీ ఎత్తలేదు.

ఇక నీళ్ల సంగతి. నీళ్లు బంద్ చేయడం మంచిది కాదు. మన ఎండల్లో అసలే కాదు. నీళ్లు తక్కువైతే మూత్రం చిక్కబడుతుంది, మంట పుడుతుంది. సంచి కూడా ఎక్కువ పట్టి ఉంచడం నేర్చుకోదు. పొద్దున, మధ్యాహ్నం కడుపునిండా నీళ్లు తాగనివ్వాలి. పడుకునే ముందు గంట, రెండు గంటలు తగ్గించాలి. దప్పిక అంటే రెండు గుక్కలు ఇవ్వవచ్చు. కానీ సాయంత్రం చాయ్ మాత్రం వద్దు. చాయ్ మూత్రాన్ని ఎక్కువ చేస్తుంది. మన బస్తీలో పిల్లలకు చాయ్, బన్ను పెట్టి పడుకోబెట్టే ఇళ్లు చాలా ఉన్నాయి. పని నుంచి వచ్చి వండే ఓపిక ఉండదు, నాకు తెలుసు. అయినా చెప్పక తప్పదు.

అక్క పిల్లవాణ్ణి కొండాపూర్ ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోయింది. నేనూ తోడు పోయాను. డాక్టరమ్మ మూత్రం పరీక్ష చేయించింది. పొట్ట నొక్కి చూసింది. "దొడ్డికి రోజూ పోతాడా?" అని అడిగింది. అక్కకు తెలియదు. పొద్దున్నే పనికి పోయే తల్లికి ఎట్లా తెలుస్తుంది? పిల్లవాణ్ణే అడిగితే, మూడు రోజులకు ఒకసారి అన్నాడు. ఎందుకంటే లెట్రిన్ గల్లీ చివర ఉంది. లైటు లేదు. కుక్కలు ఉంటాయి. వాడు భయపడి బిగపట్టుకుంటున్నాడు.

మలం పేగులో గట్టిపడి పేరుకుంటే పక్కనే ఉన్న మూత్రాశయాన్ని నొక్కుతుంది. సంచిలో చోటు తగ్గుతుంది. అప్పుడు పగలు మాటిమాటికి వస్తుంది, రాత్రి పక్క తడుస్తుంది. దీనిని మలబద్ధకం అంటారు. డాక్టరమ్మ విరేచనం సాఫీగా కావడానికి మందు ఇచ్చింది. ఆకుకూరలు, పండ్లు పెట్టమన్నది. పొద్దున తిన్న తరువాత కాసేపు దొడ్డికి కూర్చోబెట్టమన్నది. పడుకునే ముందు తప్పకుండా మూత్రం పోయించమన్నది.

ఇప్పుడు రోజూ రాత్రి తొమ్మిదింటికి నాన్న సెల్‌ఫోన్ లైటు వేసి కొడుకును తీసుకుపోతాడు. రాత్రికి గది మూలన ఒక మూత ఉన్న బకెట్ పెడుతున్నారు. పక్క కింద తాటిపత్రి ముక్క, దాని మీద పాత నూలు చీర మడత. తడిస్తే చీర ఒక్కటే ఉతికితే సరిపోతుంది, బొంత అక్కరలేదు. పొద్దున్నే నడుము కిందికి సబ్బుతో కడిగి బడికి పంపుతుంది. లేకపోతే బడిలో పక్క పిల్లలు ముక్కు మూసుకుంటారు.

అర్ధరాత్రి లేపి పోయించవచ్చా అని చాలామంది అడుగుతారు. లేపవచ్చు. పక్క తడవకుండా ఉంటుంది. అయితే పిల్లవాడు దాని వల్ల తనంతట తాను లేవడం నేర్చుకోడు. లేపితే పూర్తిగా మెలకువ వచ్చేలా లేపండి. తడి తగలగానే గంట మోగే పరికరాలు కూడా ఉన్నాయి. కొన్ని నెలలు వాడితే చాలామందికి గుణం కనిపిస్తుంది. కానీ రెండు కుటుంబాలు పడుకునే గదిలో గంట మోగితే ఏమవుతుందో మీకు తెలుసు! మాత్రలు డాక్టరు రాస్తేనే వేయాలి.

కొన్నిసార్లు ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. ఆరు నెలలు పొడిగా ఉన్న పిల్లవాడు మళ్లీ తడపడం మొదలుపెడితే చూపించాలి. మూత్రంలో మంట, జ్వరం, రక్తం ఉన్నా, పగలు కూడా బట్టల్లో పోతున్నా చూపించాలి. దప్పిక ఎక్కువై, మాటిమాటికి మూత్రం పోస్తూ, బిడ్డ చిక్కిపోతుంటే అది షుగర్ కావచ్చు. పిల్లలకు కూడా షుగర్ వస్తుంది. అటువంటి బిడ్డను ఆ రోజే తీసుకుపోవాలి. వాంతులు, మత్తు, ఎగశ్వాస ఉంటే 108కి ఫోన్ చేయాలి. బిడ్డను ఎవరైనా భయపెట్టారా, ఏమైనా చేశారా అని కూడా మెల్లగా, ఒంటరిగా అడగాలి.

అక్కకు రాయడం వచ్చి అప్పటికి నాలుగు నెలలు. గోడ మీది క్యాలెండరులో రోజూ ఒక అక్షరం రాయడం మొదలుపెట్టింది. తడిస్తే "త". పొడిగా ఉంటే "పొ". మొదటి నెలలో "పొ" నాలుగే. రెండో నెలలో పదకొండు. మూడో నెలలో ఇంకొన్ని పెరిగాయి. ఇప్పటికీ వారానికి రెండుసార్లు "త" వస్తుంది. ఆ రోజు ఎవరూ ఏమీ అనరు. చిన్నోడే చీర మడత తీసి బయట వేస్తాడు.

మళ్లీ ఆసుపత్రికి పోయినప్పుడు అక్క క్యాలెండరు చుట్టి చంకలో పెట్టుకొని పోయింది. డాక్టరమ్మ ఒక్కో నెల తిప్పి చూసింది. "ఇది ఎవరు రాసిండ్రు?" అని అడిగింది.

"నేనే" అన్నది అక్క.

ఈ మాటలు చదవండి, రాయండి: మూత్రాశయం. మలబద్ధకం. తాటిపత్రి. క్యాలెండరు.

మాట్లాడుకుందాం: మీ బస్తీలో రాత్రి పిల్లలు లెట్రిన్‌కు పోయే దారిలో లైటు ఉందా? లేకపోతే ఎవరిని అడగాలి? అర్జీ ఎట్లా రాయాలి?