పనిచోట సీసీ కెమెరా: చట్టం ఎంతవరకు ఒప్పుకుంటుంది?

అండమాన్ నికోబార్ రాజధాని శ్రీ విజయపురంలో (2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్) హోటల్ యజమాని సిబ్బందిపై సీసీ కెమెరా పెట్టవచ్చా? పెట్టవచ్చు. దాన్ని నిషేధించే ప్రత్యేక చట్టం దేశంలో లేదు. అయితే 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా, 21వ అధికరణంలో భాగంగా తేల్చింది.

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలోని 7వ సెక్షన్, ఉద్యోగ అవసరాలకూ యజమానిని నష్టం నుంచి కాపాడటానికీ సమ్మతి లేకుండానే డేటా వాడుకోనిస్తుంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ఈ సెక్షన్ అమలుకు 18 నెలల గడువుంది. 7వ సెక్షన్ యజమాని వైపే మొగ్గిందని నా అభిప్రాయం. కెమెరా ఉందని పనివాళ్లకు ముందే చెప్పడం కనీస న్యాయం.

మరుగుదొడ్డి, దుస్తులు మార్చుకునే గదుల్లో మాత్రం ఏ సాకూ చెల్లదు. అనుమతి లేకుండా రహస్యాంగాలను చిత్రీకరిస్తే ఐటీ చట్టం 66ఇ కింద మూడేళ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. బాధిత వ్యక్తి మహిళ అయితే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కూడా వర్తిస్తుంది: తొలి నేరానికే ఏడాది నుంచి మూడేళ్ల జైలు, జరిమానా.