సంఘం రిజిస్టరైతే కాయిన్‌కూ చట్టం అండ ఉంటుందా?

ప్రశ్న: కేసీ కాలువ కింద వరి, పసుపు వేసే రైతులం కలిసి 1995 చట్టం కింద పరస్పర సహాయ సహకార సంఘం పెట్టుకున్నాం. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఒకాయన సంఘం పేరుతో క్రిప్టో కాయిన్ తెద్దామంటున్నాడు. సంఘానికి రిజిస్ట్రేషన్ ఉంది కాబట్టి కాయిన్‌కూ ఢోకా లేదంటున్నాడు. నమ్మవచ్చా?
- ఒక సభ్యుడు, చాపాడు

జవాబు: నమ్మకండి. రిజిస్ట్రేషన్ మీ సంఘానికి, దాని బైలాలకు మాత్రమే వర్తిస్తుంది. క్రిప్టో కొనడం, అమ్మడం మన దేశంలో నేరం కాదు. క్రిప్టో లావాదేవీలకు సేవలు అందించవద్దంటూ బ్యాంకులపై రిజర్వు బ్యాంకు పెట్టిన ఆంక్షను సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టేసింది. అంతమాత్రాన క్రిప్టో రూపాయిలా చెల్లదు. పైగా 2022 ఏప్రిల్ నుంచి లాభంపై 30 శాతం పన్ను ఉంది. వెయ్యికి కొని 1,500కు అమ్మితే 150 రూపాయల పన్ను, ఆపైన సెస్సు కట్టాలి. అదే 200కు పడిపోతే ఆ 800 నష్టాన్ని మరో కాయిన్ లాభంలో తగ్గించుకోనివ్వరు.

ఇలాంటి ప్రయోగం ఐరోపాలో జరిగింది. కేటలోనియా ఉద్యమకారుడు ఎన్రిక్ డురాన్, ఆయన సహచరులు 2014లో ఫెయిర్‌కాయిన్‌ను ఫెయిర్‌కోప్ అనే సహకార ఉద్యమానికి జోడించారు. తర్వాత ఫ్రీడమ్ కోప్ పేరుతో సహకార సంఘాన్ని చట్టబద్ధంగా రిజిస్టర్ చేయించారు. కాయిన్ ధరను సభ్యులే కూర్చుని నిర్ణయించారు. బయటి మార్కెట్‌లో మాత్రం ధర పడిపోయింది. నిర్ణయించిన ధరకు అందరికీ యూరోలు ఇవ్వడం సంఘం వల్ల కాలేదు. సరుకిచ్చి కాయిన్లు తీసుకున్న వ్యాపారులు ఇరుక్కుపోయారు. సదుద్దేశం, రిజిస్ట్రేషన్ రెండూ ఉన్నా వాళ్లకు గట్టెక్కే దారి దొరకలేదు.

మీ సంఘం బలం సభ్యుల పొదుపు, మనిషికో ఓటు. ఆ పొదుపును ఎవరో దూరాన నిర్ణయించే ధరకు అప్పగించకండి. కాయిన్ తిరిగిస్తే రూపాయలు ఎవరిస్తారు, ఏ ఖాతా నుంచి ఇస్తారు అని ఆయన్ను సర్వసభ్య సమావేశంలో అందరి ముందూ అడగండి. జవాబును రాతపూర్వకంగా తీసుకోండి. లాభం ఆశ చూపి బయటివారి దగ్గర డబ్బు వసూలు చేస్తే 2019 నాటి అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం కింద కేసు పడవచ్చు. మీకు కావలసింది పారదర్శకమైన లెక్కలు, వేగంగా చెల్లింపులే అయితే కంప్యూటర్ పద్దులు, యూపీఐ చాలు.

ప్రశ్న: మా తమ్ముడు ఒక క్రిప్టో యాప్‌లో ఇప్పటికే డబ్బు కట్టాడు. తీసుకుందామంటే ముందు పన్ను కట్టమంటున్నారు. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, జమ్మలమడుగు

జవాబు: ఇక ఒక్క రూపాయి కూడా కట్టనివ్వకండి. ఆదాయపు పన్ను కట్టేది ప్రభుత్వానికి, యాప్ వాళ్లకు కాదు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. చెల్లింపుల నంబర్లు, స్క్రీన్‌షాట్లు తీసుకుని పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఖాతాల్లోనే ఆగే అవకాశం అంత ఎక్కువ. తమ్ముణ్ణి తిట్టకండి. భయపడి ఆయన దాచే కొద్దీ మోసగాళ్లకు సమయం దొరుకుతుంది.