సరకు బండి: చిన్నదా, పెద్దదా? లెక్క తేల్చుకునే విధానం

టోకు వర్తకుడు సొంత బండి కొనదలచినప్పుడు మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటే. ముప్పావు టన్ను మోసే చిన్న వాహనమా, టన్నున్నర మోసే పికప్పా? 2005లో టాటా ఏస్ రాకతో చిన్న తరగతికి గిరాకీ పెరిగింది. మారుతి సూపర్ క్యారీ కూడా ఈ కోవలోదే. బొలెరో పికప్, అశోక్ లేలాండ్ దోస్త్ పెద్ద తరగతివి. వీటి రకాన్ని బట్టి టన్నుంబావు నుంచి టన్నున్నర పైదాకా మోస్తాయి.

సాధారణంగా జరిగే పొరపాటు, సరకు బాగా కదిలే రోజును చూసి బండి కొనడం. పండుగల ముందు పెద్ద బండి లేదని బాధపడిన వర్తకుడే ఆషాఢంలో దాని వాయిదా కట్టలేక అవస్థ పడతాడు. సరకు కదిలినా కదలకపోయినా వాయిదా ఆగదు.

ఒక లెక్క

పట్టణంలోని బియ్యం వర్తకుడొకరు పల్లె దుకాణాలకు నెలలో 25 రోజులు సరకు పంపుతున్నాడనుకుందాం. రానుపోను 60 కిలోమీటర్లు. 20 రోజులు 6 క్వింటాళ్లు, 5 రోజులు 12 క్వింటాళ్లు వెళ్తుంది. లీటరు డీజిలుకు చిన్న బండి 18, పెద్దది 12 కిలోమీటర్లు నడుస్తాయని అనుకుంటే ఫలితం ఇలా ఉంటుంది.

చిన్న బండి ఆ 5 రోజులూ రెండేసి ట్రిప్పులు వేయాలి. మొత్తం 30 ట్రిప్పులు, 1,800 కిలోమీటర్లు, 100 లీటర్లు. పెద్ద బండికి 25 ట్రిప్పులు, 1,500 కిలోమీటర్లు, 125 లీటర్లు. అంటే రెండేసి ట్రిప్పులు తిరిగినా చిన్న బండికే నెలకు 25 లీటర్లు ఆదా.

రద్దీ రోజులు 12 దాకా పెరిగినా చిన్న బండి ఖర్చు తక్కువే. 13 రోజులైతే పెద్ద బండిది పైచేయి అవుతుంది. ఐతే 25 రోజులూ 12 క్వింటాళ్ల చొప్పున వెళ్లినా పెద్ద బండికి మిగిలేది సుమారు 42 లీటర్లు మాత్రమే. కాబట్టి డీజిలు ఒక్కదాన్నే చూసి పెద్ద బండి కొనడం సరికాదు. రెండో ట్రిప్పుకయ్యే డ్రైవరు బత్తా, హమాలీ, పోయే పూట కలిపి వేసుకోవాలి. అదనపు వాయిదాను దానికి ఎదురు వేసి చూడాలి. రద్దీ రోజులు కొద్దివే అయితే ఆ రోజులకు కిరాయి బండి మాట్లాడుకోవడం మేలు.

బరువు, నిబంధనలు

కంపెనీ చెప్పే బరువంతా సరకుకే దక్కదు. ఆర్‌సీలోని మొత్తం బరువు నుంచి ఖాళీ బండి బరువు తీసివేయగా మిగిలిన దాంట్లోనే డ్రైవరు, హమాలీ బరువు కూడా చేరుతుంది. ఇద్దరికి క్వింటా పైనే పోతుంది. సీఎన్‌జీ రకాల్లో సిలిండరు బరువు వల్ల సరకు మరికొంత తగ్గుతుంది.

'మరో నాలుగు బస్తాలు' వేసే అలవాటు ఖరీదైనది. 2019 నాటి మోటారు వాహనాల చట్ట సవరణ ప్రకారం అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయలు, అదనపు టన్నుకు మరో 2,000. సరకు దింపే ఖర్చు కూడా బండివారిదే. దారిలో ప్రమాదం జరిగితే బీమా పరిహారానికి పేచీ తప్పదు.

మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరకు వాహనానికి పర్మిట్ అక్కరలేదు. చిన్న బండ్లన్నీ ఈ హద్దులోనివే. పెద్ద పికప్‌లలో కొన్ని దీన్ని దాటుతాయి గనుక కొనేముందే చూసుకోవాలి. లైసెన్సు విషయంలో తేడా లేదు. 7,500 కిలోల వరకు తేలికపాటి వాహన లైసెన్సు చాలునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

సరకును బట్టి ఎంపిక

బియ్యం, పంచదార, సిమెంటు వర్తకులకు బరువే ప్రధానం. మిర్చి, పత్తి, మరమరాల వారికి బరువు కన్నా చోటు ముఖ్యం. బరువు హద్దు చేరకముందే చిన్న బండి తొట్టి నిండిపోతుంది. అటువంటివారు టన్నులు కాక తొట్టి కొలతలు అడగాలి. బేగంబజారు వంటి ఇరుకు వీధుల్లో అంగడి ముందుకు చేరాలంటే మాత్రం చిన్న బండే అనుకూలం. తిరుగు సరకు నికరంగా దొరికే మార్గమైతే పెద్ద బండి ఖర్చు రెండువైపులా పంచుకోబడుతుంది.

మొత్తం మీద, షోరూముకు వెళ్లేముందు వర్తకుడు చూడవలసింది తన చిట్టానే. గడచిన ఏడాదిలో ఏ నెల ఎన్ని రోజులు ఎన్ని క్వింటాళ్లు పంపాడో రాసుకుంటే, సగానికి మించిన రోజుల్లో రెండో ట్రిప్పు పడిందో లేదో తేలుతుంది. పడకపోతే చిన్న బండి చాలు. పడితే, పొదుపయ్యే ట్రిప్పుల ఖర్చు అదనపు వాయిదాను మించినప్పుడే పెద్ద బండి లాభదాయకం.