కనపడని కంచె: ఉపగ్రహంలో ప్లాస్మాకు కాపలా



పదో తరగతి భౌతికశాస్త్రంలో 'విద్యుదయస్కాంతత్వం' పాఠాన్ని చాలామంది పిల్లలు మార్కుల కోసం బట్టీ పడతారు. అదే పాఠం అంతరిక్షంలో ఎలా పనికొస్తోందో ఈ నెల మీ పిల్లలతో కలిసి చదవండి.

ఉపగ్రహం కక్ష్యలోకి చేరాక కూడా కొద్దికొద్దిగా దారి తప్పుతుంది. సరిచేయడానికి దానిలో చిన్న ఇంజన్లు ఉంటాయి. వాటి ఇంధనం అయిపోతే ఉపగ్రహం ఆయుష్షు తీరినట్టే. రసాయన ఇంధనం మండితే వాయువు సెకనుకు సుమారు 3 కిలోమీటర్ల వేగంతో బయటకు వస్తుంది. విద్యుత్ థ్రస్టర్‌లో ఆ వేగం 15 నుంచి 20 కిలోమీటర్లు. అందుకే చాలా తక్కువ ఇంధనంతో పని జరుగుతుంది.

ఎలా పనిచేస్తుంది?

ఉంగరం ఆకారంలోని గాడిలోకి జినాన్ వాయువును వదులుతారు. ఎలక్ట్రాన్లు వచ్చి జినాన్ పరమాణువులను ఢీకొంటాయి. పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రాన్ ఊడిపోయి ధనావేశం గల అయాన్ మిగులుతుంది. అయాన్లు, ఎలక్ట్రాన్లు కలగలిసిన ఈ వాయువే ప్లాస్మా. మెరుపు, వెల్డింగ్ షాపులో కళ్లు చెదిరే వెలుగు కూడా ప్లాస్మాలే. విద్యుత్ క్షేత్రం అయాన్లను వెనక్కి విసిరితే ఉపగ్రహం ముందుకు కదులుతుంది.

చిక్కు ఎలక్ట్రాన్లతోనే. వదిలేస్తే అవి జినాన్‌ను తాకకుండా ధన ఎలక్ట్రోడ్ వైపు పరుగెత్తుతాయి, కరెంటు వృథా అవుతుంది. అందుకే గాడికి అడ్డంగా అయస్కాంత క్షేత్రం ఏర్పాటు చేస్తారు. దానిలో చిక్కిన ఎలక్ట్రాన్లు గాడి చుట్టూ గిరగిరా తిరుగుతాయి. జినాన్ అయాన్ ఎలక్ట్రాన్ కన్నా సుమారు 2 లక్షల 40 వేల రెట్లు బరువు. అది పెద్దగా వంగకుండా నేరుగా బయటకు దూసుకుపోతుంది. మేకను ఆపి ఏనుగును వదిలే కంచె ఇది!

కంచె బలం సరిగ్గా కుదరాలి. క్షేత్రం బలహీనమైతే ఎలక్ట్రాన్లు తప్పించుకుంటాయి. కుదరకపోతే ప్లాస్మా సెకనుకు వేల సార్లు ఉబ్బుతూ తగ్గుతూ నిలకడ తప్పుతుంది. అయాన్లు గోడలను కొట్టి అరగదీస్తాయి. గోడ పోతే ఇంజన్ పోయినట్టే. అంతరిక్షంలో మెకానిక్ దొరకడు కదా!

మన దేశంలో

విద్యుత్ థ్రస్టర్లున్న జీశాట్-4, 2010 ఏప్రిల్ 15న రాకెట్ విఫలమై కక్ష్యకు చేరలేదు. ఇస్రో ప్రయత్నం ఆపలేదు. 2017 మే 5న శ్రీహరికోట నుంచి వెళ్లిన జీశాట్-9లో విద్యుత్ చోదనం పనిచేసింది. 2025 మార్చిలో, సొంతంగా తయారుచేసిన 300 మిల్లీన్యూటన్ల ప్లాస్మా థ్రస్టర్‌కు 1000 గంటల పరీక్ష పూర్తయిందని ఇస్రో ప్రకటించింది. అంటే దాదాపు 42 రోజుల పని. అంతరిక్షాన్ని తలపించే గదిలో, 5.4 కిలోవాట్ల పూర్తి శక్తితో నడుపుతూ, లోపలి లైనర్లు ఎంత అరిగాయో మధ్యమధ్యలో చూశారు.

5.4 కిలోవాట్లంటే మన పొలాల్లోని 7.5 హెచ్‌పీ బోరు మోటారు కన్నా కాస్త తక్కువే. పుట్టే తోపుడు మాత్రం ఆరు ఏ4 కాగితాల బరువంత! గాలి, రాపిడి లేని చోట ఆ చిన్న తోపుడే రోజుల తరబడి కూడుతుంది.

ఇంట్లో చేయించండి

1. దిక్సూచి పైన తీగ పట్టుకుని, టార్చి సెల్‌కు ఒక్క క్షణం కలపండి. సూది కదులుతుంది. 1820లో ఆయర్‌స్టెడ్ గమనించినది ఇదే. తీగ వేడెక్కుతుంది, వెంటనే తీసేయండి. ఇంటి కరెంటుతో మాత్రం వద్దు.

2. 2000 కిలోల ఉపగ్రహాన్ని 0.3 న్యూటన్ల బలంతో ఒక రోజంతా తోస్తే వేగం ఎంత పెరుగుతుంది? జవాబు: సెకనుకు సుమారు 13 మీటర్లు. లెక్క మీ పిల్లలే చేయాలి, మీరు అడిగి చెప్పించుకోండి.

చెల్పూరు థర్మల్ కేంద్రంలో జనరేటర్, పొలంలో మోటారు, ఆకాశంలో థ్రస్టర్: మూడింటికీ ఆధారం ఆ ఒక్క పాఠమే. మీ పిల్లలు దాన్ని సొంత మాటల్లో మీకు చెప్పగలిగితే, పరీక్షలో ప్రశ్న ఎటు తిప్పి ఇచ్చినా తడబడరు.