మేస్త్రి ఆరంటాడు, కంపెనీ పద్నాలుగంటుంది

సమస్య

మాది తెనాలి. 1996లో కట్టిన స్లాబు ఇల్లు. రెండు పడక గదులు, హాలు, వంటగది. మా నాన్నగారు పసుపు కుంకుమ కింద ఇచ్చిన స్థలంలో కట్టుకున్నాం కాబట్టి ఇల్లు నా పేరు మీదే ఉంది. మావారికి 55 ఏళ్లు. ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం, 58కి రిటైరవుతారు. అత్తగారు మా దగ్గరే ఉంటారు, ఆవిడకు 81. అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం.

ఇల్లు బాగా పాతబడింది. వంటగది మూలన స్లాబు ఉరుస్తోంది, పెచ్చులూడుతున్నాయి. బాత్రూము గోడలకు నెమ్ము. పోయిన నెల అత్తగారు బాత్రూములో జారిపడ్డారు. అదృష్టం బాగుండి చెయ్యి బెణకడంతో సరిపోయింది. రిపేర్లు చేయిద్దామని మొదలైన మాట, ఇప్పుడు ఇల్లంతా మార్చేద్దామనే దాకా వచ్చింది. పెళ్లివారు గుమ్మంలో అడుగు పెట్టగానే మన స్థాయి తెలియాలని మావారి పట్టుదల.

తెలిసిన తాపీ మేస్త్రి వచ్చి చూసి, ఆరు లక్షలని కాగితం మీద రాసిచ్చాడు. బాత్రూములు రెండు, వంటగది గట్టు, ఇల్లంతా టైల్స్, రంగులు. మావారు ఇంటీరియర్ కంపెనీ వాళ్లను పిలిస్తే వాళ్లు పద్నాలుగు లక్షలన్నారు. మా తోటికోడలేమో తమ ఇంటికి ఎనిమిదిలో అయిపోయిందంటుంది. ఎవరిని నమ్మాలి? బ్యాంకులో 7 లక్షలున్నాయి. అమ్మాయి పెళ్లికి దాచింది వేరే. ఇల్లు తనఖా పెట్టి పదేళ్లకు 10 లక్షలు లోను తీసుకుందాం, పన్ను కూడా కలిసొస్తుందని మావారంటున్నారు. దానికి నా సంతకం కావాలి. వద్దన్నందుకు ఇంట్లో మాటల్లేకుండా పోయాయి. అసలు ఎంతలో చేయించుకోవడం సబబంటారు?

— ఓ సోదరి, తెనాలి

సలహా

సోదరికి,

మీకు ముగ్గురు చెప్పిన మూడు అంకెల్లో ఏదీ అబద్ధమని నేననను. మేస్త్రి తనకు తెలిసిన పనికి లెక్క కట్టాడు. కంపెనీ వాళ్లు తాము అమ్మే వాటికి కట్టారు. మీ తోటికోడలు వాళ్లింటి లెక్క చెప్పింది. మీ ఇంటి లెక్క మాత్రం ఇంకా ఎవరూ వేయలేదు. అది మీ బ్యాంకు పుస్తకం దగ్గర మొదలవ్వాలి. పని ముందు రాసుకుని డబ్బు కోసం వెతికితే ఎంత ఉన్నా చాలదు. డబ్బు ముందు రాసుకోండి, అందులో పట్టేంత పనే ఎంచుకోండి.

ఏడు లక్షలున్నాయన్నారు. ఇంట్లో 81 ఏళ్ల పెద్దావిడ ఉన్నప్పుడు అందులో లక్షన్నర కదపకూడదు. ఏ అర్ధరాత్రో ఆసుపత్రికి పరిగెత్తాల్సి వస్తే ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా ఉండాలి కదా. మిగిలింది ఐదున్నర లక్షలు. మీ బడ్జెట్ అదే. అందులోనూ ఐదో వంతు, అంటే లక్షా పదివేలు, కనబడని ఖర్చులకు పక్కన పెట్టండి. మేస్త్రితో మాట్లాడాల్సింది నాలుగు లక్షల నలభై వేల పని గురించి. ఆ పక్కన పెట్టిన లక్షా పదివేల సంగతి అతనికి చెప్పకండి.

కనబడని ఖర్చులంటే ఏమిటని అడుగుతారేమో. మేస్త్రి ఇచ్చిన కాగితం ఒకసారి బయటికి తీసి చూడండి. పగలగొట్టిన రబ్బిష్ ట్రాక్టర్‌కెత్తి పంపించే ఖర్చు అందులో ఉందా? గోడలోపలి నీళ్ల పైపులున్నాయా? 1996 నాటి ఇళ్లలో చాలావాటికి జీఐ పైపులే. ముప్పై ఏళ్లకు అవి లోపల తుప్పు పట్టి పూడుకుపోతాయి. కొత్త టైల్స్ వెనక ఆ పాత పైపులే వదిలేస్తే, ఏడాది తిరక్కుండా ఆ టైల్సే పగలగొట్టాల్సి వస్తుంది. వైరింగు సంగతేమిటి? మీ ఇల్లు కట్టిన నాటికి ఏసీ, గీజర్, మైక్రోవేవ్ చాలామందికి లెక్కలో లేవు. వాటికి తగిన వైరు, ఎర్తింగు ఉన్నాయో లేవో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. కుళాయిలు, షవర్, కమోడ్, వాష్‌బేసిన్ ఎవరు కొనాలో రాశాడా? సాధారణంగా అవి ఇంటివాళ్ల నెత్తినే పడతాయి. టైల్స్, రంగులు, శానిటరీ సామానుకు జీఎస్టీ 18 శాతం. సిమెంటుకు 2025 సెప్టెంబరులో 28 నుంచి 18కి తగ్గించారు. దుకాణంలో చెప్పే ధరలో ఆ పన్ను కలిసి ఉందో లేదో అడిగి మరీ రాసుకోండి.

కొలతలు కూడా మీరే వేసుకోవాలి. బాత్రూము ఏడడుగులు బై ఐదడుగులు అనుకుందాం. 35 చదరపు అడుగులే కదా అనిపిస్తుంది. చుట్టూ గోడలు 24 అడుగులు. ఏడడుగుల ఎత్తున టైల్స్ వేస్తే 168. తలుపు తీసేస్తే సుమారు 150. నేలతో కలిపి 185. కోతల్లో పోయేది, విరిగేది పది శాతం కలిపితే 200 దాటుతుంది. ఒక్క చిన్న బాత్రూముకే ఇంత! టేపు పట్టుకుని మీ చేత్తో కొలిస్తే ఏ మేస్త్రీ మిమ్మల్ని మోసం చేయలేడు, మీరూ అతన్ని ఊరికే అనుమానించనక్కర్లేదు. టైల్స్ కొనేటప్పుడు ఒకే బ్యాచ్ నంబరు పెట్టెలు చూసి తీసుకోండి. తర్వాత తెచ్చినవి రంగు కలవవు.

ఇక నాలుగు లక్షల నలభై వేలల్లో ఏం చేయించాలి? మొట్టమొదట స్లాబు. వాటర్‌ప్రూఫింగ్ చేశాక పైన గట్టు కట్టి, రోజంతా నీళ్లు నిలబెట్టి, కింద చెమ్మ దిగలేదని చూసుకున్నాకే మిగతా డబ్బివ్వండి. తర్వాత రెండు బాత్రూములు, వాటి పైపులు. అక్కడ కూడా టైల్స్ వేయకముందే నీళ్లు నిలబెట్టి చూడమనండి. ఆపైన వైరింగు, వంటగది గట్టు. కొత్త ప్లాస్టరింగు పూర్తిగా ఆరాక రంగులు. తడి గోడ మీద పుట్టీ పూస్తే వచ్చే వానాకాలానికే పొక్కులు లేస్తుంది.

ఇల్లంతా టైల్స్ మాత్రం ఇప్పుడు వద్దు. ఆ రోజుల్లో కట్టిన ఇళ్లలో ఎక్కువగా మొజాయిక్ గచ్చే ఉంటుంది. మీదీ అదే అయి, పగుళ్లు లేకపోతే మళ్లీ పాలిష్ పట్టించండి. టైల్స్ ఖర్చులో అదెంతో కాదు. గచ్చు మీదే టైల్స్ అంటించేస్తామని కొందరు చెబుతారు. అప్పుడు నేల అంగుళం దాకా లేస్తుంది. తలుపులన్నీ ఊడదీసి అడుగున కోయించాలి, గడపలు నేలలో కలిసిపోతాయి, బీరువా కదిలించాలి. ఏ కాగితంలోనూ లేని వడ్రంగి ఖర్చు అక్కడ మొదలవుతుంది.

కంపెనీ వాళ్ల పద్నాలుగు లక్షల్లో మాడ్యులర్ కిచెన్, వార్డ్‌రోబులు, ఫాల్స్ సీలింగ్ ఉండే ఉంటాయి. ఉరిసే స్లాబు కింద ఫాల్స్ సీలింగ్ వేయించడమంటే పుండు మీద పట్టుచీర కప్పడమే. మాడ్యులర్ కిచెన్ ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. పెట్టుకున్న రోజున మాత్రం ప్లైవుడ్ ఏ రకమో రాయించుకోండి. తడి తగిలేచోట ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ ప్లైవుడ్ వాడాలి. మాటలో మెరైన్ అని చెప్పి పనిలో మామూలుది దించితే తేడా కొన్నాళ్లకు గానీ బయటపడదు.

లోను మాట. పది లక్షలకు 9 శాతం వడ్డీ అనుకుంటే పదేళ్లకు నెలవాయిదా 12,668 రూపాయలు. మొత్తం కట్టేది 15 లక్షల 20 వేలు. అందులో ఏడేళ్ల వాయిదాలు మీవారు రిటైరయ్యాక కట్టాల్సినవి. పన్ను కలిసొస్తుందన్న మాటా సగమే నిజం. ఇల్లు కొనడానికో కట్టడానికో తీసుకున్న అప్పు వడ్డీ మీద ఏడాదికి 2 లక్షల దాకా మినహాయింపు ఉంది కానీ, మనం ఉండే ఇంటి మరమ్మతులకు తీసుకున్న అప్పుకు 30 వేలే. అదీ పాత పన్ను విధానంలో ఉన్నవారికి. కొత్త విధానంలో అదీ లేదు. మీకు మొదటి ఏడాది వడ్డీయే 87 వేలు దాటుతుంది. సంతకం పెట్టకండి. అయితే ఊరికే వద్దనకండి. ఈ అంకెలు కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి. ఆయన బాధంతా అమ్మాయి గురించే. ఆ ప్రేమను తప్పు పట్టకుండా మాట్లాడితే వింటారు. రంగులు కొత్తగా వేసి, గచ్చు మెరుస్తూ, నెమ్ము లేకుండా ఉన్న ఇంటిని చూసి వంక పెట్టే పెళ్లివారికి మీ అమ్మాయినివ్వాలా అన్నది కూడా ఇద్దరూ కూర్చుని ఆలోచించుకోవాలి.

పని మొదలయ్యాక ఇంట్లో ఒక మాట పుడుతుంది: "ఎలాగూ పగలగొడుతున్నాం కదా, పన్లో పని ఇది కూడా చేయించేద్దాం." ఖర్చు తడిసి మోపెడయ్యేది ఆ మాటతోనే. ఎవరన్నా సరే, మీవారన్నా మీరన్నా, ఆ పని ఒక పుస్తకంలో రాయండి, దాని పక్కన ఖరీదు రాయండి, రెండు రోజులు ఆగండి. అప్పటికీ అవసరమనిపిస్తే పక్కన పెట్టిన డబ్బులోంచి ఇవ్వండి. అది అయిపోతే ఇక అంతే, మిగతా కోరికలు వచ్చే ఏడాదికి.

మేస్త్రికి ఒకేసారి పెద్ద అడ్వాన్సు ఇవ్వొద్దు. సామాను మీరు కొని కూలి మాత్రం అతనికిస్తారా, అంతా అతనిదేనా అన్నది ముందే తేల్చుకోండి. పని ఎంత నడిస్తే అంత డబ్బు. చివరి పది శాతం అన్ని కుళాయిలూ తిప్పి చూసుకున్నాకే.

ఒక్క పనికి మాత్రం బడ్జెట్టూ వద్దు, ముహూర్తమూ వద్దు. అత్తగారి బాత్రూములో కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసేచోట ఒకటి స్టీలు హ్యాండిళ్లు గోడకు గట్టిగా బిగించి, జారని రబ్బరు మ్యాట్ వేయాలి. తర్వాత బాత్రూము పగలగొట్టేటప్పుడు ఆ హ్యాండిళ్లు విప్పి మళ్లీ బిగించుకోవచ్చు. రేపు పొద్దున్నే ప్లంబర్‌ని పిలిపించండి.